ఖైదీ నంబర్ 9653: జైల్లోంచి అమెరికా అధ్యక్ష పదవికి నిలబడ్డ యూజీన్ డెబ్స్

పీచ్‌ట్రీ:
అందరికీ నమస్కారం. ఈ ఫోరంలో అమెరికా మూడో పార్టీల (డెమొక్రాట్లు, రిపబ్లికన్లు కాని పార్టీల) గురించి ఎప్పుడు మాట వచ్చినా రాస్ పెరో దగ్గర మొదలై రాల్ఫ్ నేడర్ దగ్గర ఆగిపోతోంది. వాళ్లకంటే చాలా ముందు ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఆయన గురించి ఒక్క పోస్టు కూడా కనపడలేదు. అందుకే ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

యూజీన్ విక్టర్ డెబ్స్. 1855లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్ అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రికి సాహిత్యమంటే ప్రాణం, కొడుక్కి యూజీన్ సూ, విక్టర్ హ్యూగో ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్నాడు. ఆ కొడుకు పద్నాలుగో ఏట బడి మానేసి రైల్వే పనిలో చేరాడు. సోషలిస్టుల తరఫున ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశాడు: 1900, 1904, 1908, 1912, 1920. చివరిసారి పోటీ చేసినప్పుడు ఆయన మా అట్లాంటాలోని ఫెడరల్ జైల్లో పదేళ్ల శిక్ష అనుభవిస్తున్నాడు. యుద్ధానికి వ్యతిరేకంగా ఒక ప్రసంగం చేసినందుకు ఆ శిక్ష. కార్యకర్తలు చొక్కాలకు పెట్టుకున్న బిళ్లల మీద ఆయన ఫోటో, 'అధ్యక్ష పదవికి ఖైదీ నంబర్ 9653' అన్న మాటలు ఉండేవి. అలా పోటీ చేసి 9 లక్షల 13 వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నాడు.

ఆ జైలు ఇప్పటికీ నగరం ఆగ్నేయ భాగంలో ఉంది. అట్లాంటాలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మీకు తెలిసింది రాయండి.

నల్లరేగడి:
మంచి టాపిక్. కానీ మొదటే ఒక మాట అడుగుతా. ఐదుసార్లు నిలబడి ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు కదా? రాష్ట్రం గెలిస్తే దక్కే ఎలక్టోరల్ ఓటు, అంటే అధ్యక్షుణ్ణి తేల్చే ఓటు, ఒక్కటీ రాలేదు. రాస్ పెరోకి కనీసం 1992లో దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి. గెలవడని తెలిసినవాడికి ఓటేస్తే ఆ ఓటు ఎవరికి పనికొచ్చినట్టు? జనం అభిమానం వేరు, రాజకీయం వేరు.

గుంతకల్ జంక్షన్:
ఆ ప్రశ్నకి తర్వాత వద్దాం నల్లరేగడి గారూ. ముందు ఆయన రైల్వే మనిషి అన్న సంగతి కాస్త చెప్పనివ్వండి. నేను స్టీమ్ రోజుల్లో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరైనవాణ్ణి. డెబ్స్ గురించి మా యూనియన్ ఆఫీసులో పెద్దవాళ్లు చెబితే తెలుసు.

ఆయన మొదటి పని ఇంజన్ల మీద పేరుకున్న జిడ్డు, పాత పెయింటు గీకడం. రోజుకి 50 సెంట్లు. ఘాటైన క్షారం వేసి గీకాలి, చేతులు పుళ్లు పడతాయి. తర్వాత ఫైర్‌మన్. స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్ పని ఏమిటో ఈ తరానికి తెలియదు. ఎదురుగా ఫైర్‌బాక్స్, వెనక బొగ్గు. ముఖం కాలిపోతుంటే వీపు చలికి వణుకుతుంది. ఇంజన్ ఊగుతుంటే కాళ్లు ఎడం పెట్టి నిలబడి పార కొలిచినట్టు వేయాలి. బొగ్గంతా ఒకే చోట పడితే మంట చచ్చిపోతుంది, ప్రెషర్ పడిపోతుంది, డ్రైవర్ తిడతాడు. ఆ రోజుల్లో అమెరికాలో ఎయిర్ బ్రేకులు అన్ని బళ్లకీ లేవు, పట్టాల మీద చనిపోయేవాళ్లకి లెక్కే లేదు. డెబ్స్ స్నేహితుడొకడు ఇంజన్ కింద పడి చనిపోయాడు. అప్పుడు వాళ్లమ్మ బతిమాలితే ఆ పని మానేసి ఒక టోకు కిరాణా కొట్లో గుమాస్తాగా చేరాడు.

కానీ మనసు రైలు మీదే ఉంది. 1875లో వాళ్ల ఊళ్లో ఫైర్‌మన్ల సంఘం శాఖ పెడితే వెళ్లి చేరాడు. అప్పటికి ఫైర్‌మన్ కూడా కాదు! ఆ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, పత్రికకి సంపాదకుడయ్యాడు. మొదట్లో ఆయన సమ్మెలకి వ్యతిరేకి. యాజమాన్యంతో మర్యాదగా మాట్లాడుకుంటే చాలనుకునేవాడు. ఆ మనిషి తర్వాత ఎక్కడికి చేరాడో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

అక్షరాల పందిరి:
బాబాయ్ గారు చెప్పినదానికి కొనసాగింపు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను, ఈయన గురించి చాలా చదివాను.

డెబ్స్ రాజకీయం మూడో పార్టీతో మొదలవలేదు. డెమొక్రాట్‌గా రెండుసార్లు టెర్రె హాట్ నగర క్లర్కుగా గెలిచాడు. 1884లో ఇండియానా శాసనసభకి ఎన్నికయ్యాడు. రైల్వే ప్రమాదాల్లో గాయపడ్డ కార్మికులకి నష్టపరిహారం వచ్చేలా బిల్లు తెస్తే సెనేట్‌లో దాన్ని కోసి పారేశారు. మళ్లీ పోటీ చేయలేదు. కాబట్టి నల్లరేగడి గారూ, ఆయనకి గెలవడం చేతకాక మూడో దారి పట్టాడని అనుకోవద్దు. పెద్ద పార్టీలో గెలిచి, లోపల ఏముందో చూసి బయటికొచ్చాడు.

మున్నేరు:
అక్కా, పుల్‌మన్ సమ్మె అంటే ఈయనదేనా? గ్రూప్స్‌కి చదువుతున్నా, ప్రపంచ చరిత్రలో ఒక్క లైను ఉంటుంది అంతే. అసలేం జరిగింది?

గుంతకల్ జంక్షన్:
తమ్ముడూ, దానికి ముందు గ్రేట్ నార్తర్న్ సమ్మె చెప్పాలి.

అప్పట్లో రైల్వేలో ఎవరి సంఘం వాళ్లది. డ్రైవర్లకొకటి, ఫైర్‌మన్లకొకటి, గార్డులకొకటి. ఒకరు సమ్మె చేస్తే ఇంకొకరు బండి నడిపేవాళ్లు. గ్యాంగ్‌మన్‌ని పట్టించుకున్నవాడే లేడు. డెబ్స్ 1893లో అందరినీ ఒకే గొడుగు కిందకి తెచ్చి అమెరికన్ రైల్వే యూనియన్ పెట్టాడు. మరుసటి ఏడాది గ్రేట్ నార్తర్న్ రైల్వేలో జీతాలు కోస్తే సమ్మె చేసి 18 రోజుల్లో గెలిచారు. సెయింట్ పాల్ నుంచి ఆయన తిరిగి వెళ్తుంటే పట్టాల పక్కన పనిచేసే ముసలి కూలీలు పారలు చేత్తో పట్టుకుని, టోపీలు తీసి వరసగా నిలబడ్డారట. తన జీవితంలో దక్కిన అన్నిటికంటే పెద్ద గౌరవం అదేనని ఆయనే చెప్పుకున్నాడు. ట్రాక్ మీద పనిచేసేవాడు ఇంజన్ వాడికి టోపీ తీశాడంటే దాని విలువ రైల్వే వాళ్లకే తెలుస్తుంది.

ఇక పుల్‌మన్. స్లీపర్ బోగీలు తయారుచేసే కంపెనీ. చికాగో దగ్గర కంపెనీదే ఒక ఊరు. ఇల్లు కంపెనీది, అద్దె కంపెనీకే. 1894లో జీతాలు పావు వంతు దాకా కోశారు, అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. కార్మికులు పని మానేశారు. రైల్వే యూనియన్ వాళ్లకి మద్దతుగా పుల్‌మన్ బోగీలున్న ఏ బండినీ ముట్టుకోమంది. దేశంలో చాలాచోట్ల రైళ్లు ఆగిపోయాయి.

కోర్టు మెట్లు:
అక్కడి నుంచి కథ కోర్టుకి వెళ్తుంది కాబట్టి నేను అందుకుంటా.

అప్పటి అటార్నీ జనరల్ రిచర్డ్ ఓల్నీ, పదవిలోకి రాకముందు రైల్వే కంపెనీల లాయరు. పోస్టల్ బోగీలు ఆగిపోతున్నాయన్న కారణం చూపి ఫెడరల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చారు. అందులో ఏముందంటే, సమ్మెలో చేరమని కార్మికులకి చెప్పడం కూడా నేరమే. టెలిగ్రాం ఇచ్చినా కోర్టు ధిక్కారమే. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ సైన్యాన్ని దించాడు. ఇల్లినాయ్ గవర్నరు వద్దు మొర్రో అంటున్నా వినలేదు. కాల్పుల్లో జనం చనిపోయారు, సమ్మె విరిగిపోయింది. డెబ్స్ తరఫున వాదించిన లాయరు క్లారెన్స్ డారో. ఆయన అప్పటిదాకా రైల్వే కంపెనీకే లాయరు, ఆ కొలువు వదులుకుని ఇటు వచ్చాడు. 1895లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. డెబ్స్‌కి వుడ్‌స్టాక్ జైల్లో ఆరు నెలలు.

ఆ జైల్లో పుస్తకాలు చదివాడు, సోషలిస్టులు వచ్చి కలిశారు, బయటికొచ్చే నాటికి మనిషి ఆలోచన మారిపోయింది. విడుదలైన రోజు చికాగోలో వానలో లక్ష మందికి పైగా ఎదురొచ్చారు.

నల్లరేగడి:
ఇదంతా కార్మిక నాయకుడి కథ. గొప్ప మనిషే, కాదనను. కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఎన్నికల అభ్యర్థిగా ఆయన సాధించిందేమిటి? మన దగ్గర చూడండి. లోక్‌సత్తా ఎంత మంచి పేరు తెచ్చుకుంది, 2009లో కూకట్‌పల్లి ఒక్కటే గెలిచింది. ప్రజారాజ్యం 18 సీట్లు గెలిచి రెండేళ్లు తిరక్కుండా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మూడో పార్టీ అంటే మంచివాళ్లని తెచ్చి ఓడించే యంత్రం.

పీచ్‌ట్రీ:
అన్నా, లోక్‌సత్తా మీద వేరే థ్రెడ్ నడుస్తోంది, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ డెబ్స్ ఓట్ల లెక్కే చూద్దాం. 1900లో 88 వేలకి దగ్గరగా. 1904లో 4 లక్షల 2 వేలు. 1908లో 4 లక్షల 20 వేలు. 1912లో 9 లక్షలు దాటాయి, మొత్తం ఓట్లలో 6 శాతం. ఆ 1912లో పోటీ మామూలుది కాదు. డెమొక్రాట్ విల్సన్, రిపబ్లికన్ టాఫ్ట్, వాళ్లిద్దరి మధ్య సొంత పార్టీ పెట్టుకుని వచ్చిన మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్. అలాంటి ఏడాదిలో ఆరు శాతం తెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

ఇక సాధించిందేమిటంటే, ఆ ఏడాది సోషలిస్టుల ప్రణాళిక తీసి చదవండి. ఆడవాళ్లకి ఓటు హక్కు, బాలకార్మికుల నిషేధం, పని గంటల తగ్గింపు, వారానికి ఒకటిన్నర రోజు సెలవు, నిరుద్యోగులకి, ముసలివాళ్లకి బీమా, ఆదాయాన్ని బట్టి పన్ను. అప్పుడు పిచ్చివాళ్ల కోరికలన్నారు. తర్వాతి పాతికేళ్లలో వీటిలో చాలావరకు చట్టాలయ్యాయి. చేసింది పెద్ద పార్టీలే, కానీ ఎవరి ఓట్లు చూసి భయపడి చేశాయి?

నల్లరేగడి:
ఆ చట్టాలు ఆయన వల్లే వచ్చాయని ఎలా చెబుతాం? రూజ్‌వెల్ట్ పార్టీ కూడా 1912లో వీటిలో సగం అడిగింది. యూనియన్లు అడిగాయి, మహిళా సంఘాలు దశాబ్దాలుగా అడుగుతున్నాయి. ఒక్క డెబ్స్ ఖాతాలో వేయడం అన్యాయం.

అక్షరాల పందిరి:
ఆ మాట నిజమే, ఒక్కడి ఖాతాలో వేయకూడదు. ఆయనే ఒప్పుకునేవాడు కాదు. 'మీకు దారి చూపే మోషేని నేను కాను. నేను మిమ్మల్ని స్వర్గంలోకి తీసుకెళ్లగలిగితే ఇంకొకడు వచ్చి బయటికి తీసుకుపోగలడు' అన్న అర్థం వచ్చేలా సభల్లో చెప్పేవాడు. ఓట్లు అడగడానికి వచ్చిన మనిషి ఇలా మాట్లాడటం నేను ఇంకెక్కడా వినలేదు.

ప్రచారం తీరు కూడా చెప్పాలి. 1908లో ఒక రైలునే అద్దెకి తీసుకున్నారు. పేరు రెడ్ స్పెషల్. ఎర్ర జెండాలు, బ్యాండు మేళం, ఒక బోగీ నిండా కరపత్రాలు. రెండు నెలలపాటు దేశమంతా తిరిగింది. చిన్న స్టేషన్లో కూడా ఆగి వెనక బోగీ మెట్ల మీద నిలబడి మాట్లాడేవాడు. రైలుకి డబ్బు రిపబ్లికన్లు ఇచ్చారని ఇంకో కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్ ఆరోపిస్తే, పార్టీ వాళ్లు చందాలిచ్చినవాళ్ల జాబితా అచ్చేసి పంచారు. అందులో అంతా చిల్లర డబ్బులే. ఇంకో సంగతి, ఆయన సభలకి చాలాచోట్ల టికెట్టు పెట్టేవాళ్లు. బిర్యానీ ప్యాకెట్టు ఇస్తేగానీ సభకి జనం కదలని రోజుల్లో ఉన్న మనకి ఇది నమ్మబుద్ధి కాదు. జనం డబ్బు కట్టి రాజకీయ ప్రసంగం వినడానికి వచ్చారు.

మాట్లాడే తీరు గురించి కూడా అందరూ ఒకటే రాశారు. చాలా పొడుగు మనిషి, బక్కగా ఉంటాడు, వేదిక అంచుదాకా వచ్చి ముందుకు వంగి చెయ్యి చాచి, ఎదురుగా ఉన్న ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు మాట్లాడేవాడు. ఇంగ్లిష్ సరిగ్గా రాని వలస కార్మికులు కూడా కదలకుండా వినేవాళ్లట.

దండోరా:
అందరూ మెచ్చుకుంటున్నారు, నేనొక చేదు విషయం చెప్పాలి. అమెరికన్ రైల్వే యూనియన్‌లో నల్లవాళ్లకి సభ్యత్వం లేదు. 1894 మహాసభలో దీని మీద ఓటింగ్ పెడితే కొద్ది ఓట్ల తేడాతో తెల్లవాళ్లకే సభ్యత్వం అని తేల్చారు. పుల్‌మన్ బోగీల్లో ప్రయాణికులకి సేవ చేసే పోర్టర్లంతా నల్లవాళ్లు. వాళ్లని బయట నిలబెట్టి, వాళ్లు పనిచేసే కంపెనీ మీదే సమ్మె. వాళ్లెందుకు కలిసివస్తారు?

డెబ్స్ ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించాడు, అది నిజం. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనన్నాడు, అదీ నిజం. కానీ 1903లో రాసిన వ్యాసంలో 'నల్లవాళ్లకి ప్రత్యేకంగా ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు' అన్నాడు. వర్గ పోరాటం గెలిస్తే జాతి సమస్య దానంతటదే పోతుందని ఆయన నమ్మకం. ఈ మాట మన ఊళ్లలో మేం ఎన్ని తరాలుగా వింటున్నాం! భూమి సమస్య తీరితే కులం పోతుందని చెప్పినవాళ్లే వాడలోకి వచ్చి మంచినీళ్లు తాగడానికి వెనకాడారు. గౌరవంతోనే చెబుతున్నా, డెబ్స్ ఈ విషయంలో సగం దూరమే నడిచాడు.

గుంతకల్ జంక్షన్:
దండోరా తమ్ముడు చెప్పింది ఒప్పుకోవాల్సిందే. యూనియన్ తలుపు కొందరికి మూస్తే ఆ యూనియన్ అక్కడే ఓడిపోయినట్టు. పుల్‌మన్ పోర్టర్లు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సొంత సంఘం పెట్టుకుని పన్నెండేళ్లు కొట్లాడి కంపెనీతో ఒప్పందం సాధించారు. ఆ రాండాల్ఫ్ కూడా యువకుడిగా డెబ్స్ సోషలిస్టు పార్టీలో పనిచేసినవాడే.

దండోరా:
అవును బాబాయ్. అందుకే డెబ్స్‌ని పక్కన పెట్టమనడం లేదు, మొత్తంగా చూడమంటున్నా.

మున్నేరు:
అసలు జైలుకి పంపిన ప్రసంగం ఏంటి? అందులో అంత ఏముంది?

కోర్టు మెట్లు:
1918 జూన్ 16. ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణం, ఒక పార్కులో సభ. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగి ఏడాది దాటింది. 1917లో ఎస్పియనేజ్ యాక్ట్ తెచ్చారు. పేరుకి గూఢచారుల మీద చట్టం, వాడింది మాత్రం యుద్ధం వద్దన్నవాళ్ల మీద. పార్కుకి ఎదురుగానే జైలు. అందులో ముగ్గురు సోషలిస్టులు ఇదే తరహా కేసులో ఉన్నారు. డెబ్స్ ముందు వాళ్లని చూసి, రోడ్డు దాటి వేదికెక్కాడు. మొదటి మాటల్లోనే ఆ జైలు చూపించి, ఇప్పుడే అక్కడి నుంచి వస్తున్నా అన్నాడు.

రెండు గంటలు మాట్లాడాడు. యుద్ధం గురించి మాట్లాడింది అందులో కొంతే. 'యుద్ధాలు ప్రకటించేది ఎప్పుడూ పాలించే వర్గమే, పోరాడి చచ్చేది ఎప్పుడూ పాలితులే' అన్నాడు. 'మీరు బానిసత్వానికీ, ఫిరంగులకి మేతగానూ పుట్టలేదు' అన్నది ఇంకో మాట. సైన్యంలో చేరవద్దని ఎక్కడా నేరుగా అనలేదు. జనంలో ప్రభుత్వం పెట్టిన స్టెనోగ్రాఫర్ కూర్చుని రాసుకున్నాడు. రెండు వారాలకి అరెస్టు.

విచారణలో తన తరఫున సాక్షుల్ని వద్దన్నాడు. ఆ మాటలు నేనే అన్నాను, ఒక్కటీ వెనక్కి తీసుకోను అని జ్యూరీకి తానే చెప్పుకున్నాడు. శిక్ష వేసే ముందు జడ్జి ఏమైనా చెబుతావా అంటే అన్న మాటలు నాకు నోటికొచ్చు: 'అట్టడుగు వర్గం ఒకటి ఉన్నంతకాలం నేను అందులోనే ఉన్నాను. నేరస్థులన్నవాళ్లు ఉన్నంతకాలం నేనూ వాళ్లలో ఒకణ్ణే. జైల్లో ఒక్క ప్రాణి ఉన్నా నాకు స్వేచ్ఛ లేనట్టే.' పదేళ్ల శిక్ష వేశారు. అప్పటికి ఆయనకి 62 ఏళ్లు.

సుప్రీంకోర్టులో 1919 మార్చి 10న తీర్పు. రాసింది జస్టిస్ హోమ్స్. వారం ముందు షెంక్ కేసులో మాటవల్ల స్పష్టమైన, తక్షణ ప్రమాదం ఉండాలన్న సూత్రం చెప్పిన జడ్జి, డెబ్స్ దగ్గరికొచ్చేసరికి ఆ కొలతబద్ద బయటికే తీయలేదు. ఏకగ్రీవంగా శిక్ష ఖాయం చేశారు. అదే ఏడాది నవంబరులో ఏబ్రమ్స్ కేసులో ఆయనే వాక్ స్వాతంత్ర్యం కోసం అసమ్మతి తీర్పు రాశాడు. లా చదివే రోజుల్లో ఈ మూడూ వరసగా చదివితే నిద్ర పట్టలేదు నాకు.

మున్నేరు:
మన చట్టం ప్రకారం ఆయన పోటీ చేయగలిగేవాడా సార్?

కోర్టు మెట్లు:
చేయలేడు. మన ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) ప్రకారం రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే అనర్హత, విడుదలయ్యాక కూడా మరో ఆరేళ్లు. శిక్ష పడని విచారణ ఖైదీ అయితే పోటీ చేయొచ్చు. 1977లో జార్జి ఫెర్నాండెజ్ జైల్లో ఉండే ముజఫర్‌పూర్‌లో భారీ మెజారిటీతో గెలిచాడు. 2024లో ఇంజనీర్ రషీద్ తీహార్ జైల్లో ఉండి బారాముల్లా గెలిచాడు. జైల్లో ఉన్నవాళ్లకి ఓటు మాత్రం లేదు, 62(5) చూడు. అమెరికా రాజ్యాంగం మటుకు అధ్యక్ష అభ్యర్థికి మూడే షరతులు పెట్టింది: పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు ఆ దేశంలో నివసించి ఉండాలి. జైలు సంగతి ఎత్తలేదు. అందుకే డెబ్స్ పేరు బ్యాలెట్ మీదకి ఎక్కింది. తనకి తాను ఓటు వేసుకునే వీలు మాత్రం లేదు.

గుంతకల్ జంక్షన్:
ఫెర్నాండెజ్ పేరు ఎత్తారు కాబట్టి చెబుతా. ఆయన కూడా మా రైల్వే ఫెడరేషన్ అధ్యక్షుడిగా 1974 మే సమ్మె నడిపినవాడు. దేశంలో 17 లక్షల మంది పని ఆపారు. వేలమందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు, క్వార్టర్స్ ఖాళీ చేయించారు. 77లో జనతా ప్రభుత్వం వచ్చాక తిరిగి తీసుకున్నారు. డెబ్స్ కథ మా యూనియన్ ఆఫీసుల్లో ఎందుకు చెప్పుకుంటారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 1894 సమ్మె తర్వాత, ఇక పనివ్వకూడదని కంపెనీలు రాసుకున్న బ్లాక్‌లిస్టులో పేరెక్కిన అమెరికా కార్మికులకి తిరిగి తీసుకునే ప్రభుత్వం ఏదీ రాలేదు. చాలామంది పేర్లు మార్చుకుని వేరే ఊళ్లలో బతికారు.

పీచ్‌ట్రీ:
జైలు రోజుల గురించి నాకు తెలిసినంత రాస్తా. మొదట వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్ జైలు, 1919 జూన్‌లో అట్లాంటా. 1920 మేలో పార్టీ ప్రతినిధులు జైలుకే వచ్చి నామినేషన్ అందజేశారు. ఆయన నీలం రంగు ఖైదీ బట్టల్లోనే వచ్చి తీసుకున్నాడు. ప్రచారానికి వారానికి ఒక ప్రకటన, 500 మాటలు మించకుండా, బయటికి పంపుకోవచ్చన్నారు. అంతే ఆయన ప్రచారం. అటు రిపబ్లికన్ అభ్యర్థి హార్డింగ్ తన ఇంటి వరండాలోంచి ప్రచారం చేస్తుంటే ఇటు డెబ్స్ జైలు గదిలోంచి.

తోటి ఖైదీలకి చదువు రాకపోతే ఉత్తరాలు రాసిపెట్టేవాడు. తనకొచ్చిన పొగాకు, పళ్లు పంచేసేవాడు. హంతకులూ దొంగలూ ఉన్న చోట ఆయన మీద ఎవరూ చెయ్యెత్తలేదు.

అధ్యక్షుడు విల్సన్‌కి క్షమాభిక్ష కాగితం వెళ్తే తన హయాంలో ఎప్పటికీ వదలనన్నాడు. సొంత అటార్నీ జనరల్ సిఫారసు చేసినా వినలేదు. వదిలిపెట్టింది ఆ ఎన్నికలో గెలిచి అధ్యక్షుడైన రిపబ్లికన్ హార్డింగ్. 1921 మార్చిలో డెబ్స్‌ని కాపలా లేకుండా ఒంటరిగా రైలెక్కించి వాషింగ్టన్‌కి పిలిపించి అటార్నీ జనరల్ మాట్లాడాడు. పని అయ్యాక అంతే బుద్ధిగా ఒంటరిగా జైలుకి తిరిగొచ్చాడు. ఆ డిసెంబరులో శిక్ష తగ్గించి క్రిస్మస్ రోజున విడుదల చేశారు. ఆయన గేటు దాటుతుంటే లోపల ఉన్న రెండు వేల పైచిలుకు ఖైదీలు కిటికీల దగ్గరికి వచ్చి కేకలు పెట్టారు. ఆయన వెనక్కి తిరిగి రెండు చేతులూ చాచి ఏడ్చాడు. విడుదలైనవాళ్లకిచ్చే ఐదు డాలర్లు, హత్య కేసులో ఉన్న ఇద్దరు ఇటాలియన్ వలస కార్మికులు సాకో, వాంజెట్టిల కేసు నిధికి పంపేశాడు. మర్నాడు వైట్‌హౌస్‌లో హార్డింగ్ లేచి వచ్చి చెయ్యి కలిపాడు.

అక్షరాల పందిరి:
భార్య కేట్ గురించి ఎవరూ రాయలేదు. పిల్లలు లేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆయన రైళ్ల మీదే, తర్వాత జైల్లో. టెర్రె హాట్‌లో ఎనిమిదో వీధిలో ఉన్న ఇల్లు ఆవిడే చూసుకుంది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన ఉత్తరాలూ పనులూ చూసిపెట్టింది తమ్ముడు థియోడర్. బయట ఒక మనిషి దేశమంతా తిరగాలంటే ఇంట్లో ఇద్దరు కట్టుబడి ఉండాలి, చరిత్ర పుస్తకాల్లో వాళ్లకి అరపేజీ కూడా దక్కదు.

1920 ఓట్ల గురించి కూడా ఒక మాట. 1912 కంటే సంఖ్య కాస్త పెరిగినా శాతం 6 నుంచి 3.4కి పడిపోయింది. ఆ ఏడాది ఆడవాళ్లందరికీ ఓటు వచ్చి మొత్తం ఓటర్లు బాగా పెరిగారు. పైగా 1919లో పార్టీ చీలి కమ్యూనిస్టులు వేరుపడ్డారు, పార్టీ పత్రికలకి పోస్టల్ శాఖ తపాలా సౌకర్యం ఆపేసింది, నాయకులు జైళ్లలో ఉన్నారు. అంత విరిగిపోయిన పార్టీకి ఆ ఓట్లు వచ్చాయి.

నల్లరేగడి:
శాతం సంగతి నేనే అడుగుదామనుకున్నా. సరే, ఆ 9 లక్షల మందిలో డెబ్స్ గెలుస్తాడని ఎవరూ అనుకుని ఉండరు. జైల్లో ఉన్న మనిషిని అక్కడ ఉంచడం తప్పని ప్రభుత్వానికి చెప్పడానికి వాళ్ల దగ్గరున్నది ఓటే. హార్డింగ్ వదిలిపెట్టడానికి ఆ సంఖ్య ఎంతో కొంత కారణం అయ్యే ఉంటుంది. ఆ మేరకు ఓటు వృథా కాలేదని ఒప్పుకుంటా. కానీ మూడో పార్టీ కట్టడం గురించి నా అభిప్రాయం మారలేదు. డెబ్స్ 1926లో పోయాక ఆ పార్టీ మళ్లీ ఆ స్థాయికి రాలేదు. మనిషి మీద నిలబడ్డ పార్టీ మనిషితోనే పోతుంది.

దండోరా:
అది పార్టీ తప్పా, ఆ పార్టీని చట్టం పెట్టి నలిపేసినవాళ్ల తప్పా? 1912లో వాళ్లకి వందల ఊళ్లలో మేయర్లు, కౌన్సిలర్లు ఉన్నారు. మిల్వాకీలో ఆ తర్వాత కూడా దశాబ్దాలు సోషలిస్టు మేయర్లు పనిచేశారు. పైన ఒక్క మనిషి కాదు, కింద చాలామంది ఉన్నారు.

నల్లరేగడి:
మిల్వాకీ సంగతి మంచి పాయింట్. దాని మీద చదివి చెబుతా.

మున్నేరు:
ఆయన పౌరసత్వం పోయిందని ఎక్కడో చూశా, నిజమా?

కోర్టు మెట్లు:
శిక్షతో పాటు పౌర హక్కులు పోయాయి. హార్డింగ్ ఇచ్చింది శిక్ష తగ్గింపే, క్షమాభిక్ష కాదు, అందుకే అవి తిరిగి రాలేదు. చనిపోయిన యాభై ఏళ్లకి, 1976లో కాంగ్రెస్ పునరుద్ధరించింది.

పీచ్‌ట్రీ:
కాంటన్ ప్రసంగం, కోర్టు ముందు చెప్పిన మాటలు, ఈ రెండూ పూర్తిగా తెలుగులో ఉంటే బాగుంటుంది. కాపీరైట్ ఇబ్బంది లేదు, వందేళ్లు దాటింది. కోర్టు మెట్లు సార్, కోర్టు ప్రకటన మీరు చేస్తారా? కాంటన్ ప్రసంగం పొడుగు, ముక్కలు చేసుకుందాం. మొదటి భాగం నేను తీసుకుంటున్నా.

కోర్టు మెట్లు:
చేస్తాను. వచ్చే ఆదివారానికి పెడతా.

గుంతకల్ జంక్షన్:
నాకు టైపింగ్ నెమ్మది, కానీ రైల్వే గురించి ఉన్న భాగాలు నాకివ్వండి. అక్కడ షెడ్డు మాటలు సరిగ్గా పడాలి.

అక్షరాల పందిరి:
చివరి భాగం నాది. మున్నేరు, నువ్వు ప్రూఫ్ చూడు. పరీక్షకి కూడా పనికొస్తుంది.